లేపాక్షి: వేలాడే స్తంభం వీడియో తీసుకుని వచ్చేస్తున్నారా? అసలు చూడాల్సింది తలపైన ఉంది!

లేపాక్షి అనగానే ఫోన్‌లో వచ్చే వీడియోలు దాదాపు ఒకేలా ఉంటాయి. స్తంభం కింద నుంచి టవల్ లాగుతారు, నంది ముందు సెల్ఫీ తీసుకుంటారు, వెళ్లిపోతారు. మొత్తం కలిపి అరగంట. కానీ ఆ స్తంభం ఉన్న మండపంలోనే తల ఎత్తి చూస్తే విజయనగర కాలం నాటి రంగుల బొమ్మలు కనిపిస్తాయి. దేశంలో ఆ కాలం నాటి చిత్రాలు ఇంత పెద్ద ఎత్తున మిగిలిన చోట్లు చాలా తక్కువ. పైగా అవి ఏడాదికేడాది మాసిపోతున్నాయి. అందుకే ఈ వీకెండ్ అటు వెళ్లే ప్లాన్ ఉంటే ముందు ఇది చదివి వెళ్లండి.

ఎక్కడుంది? ఎవరు కట్టించారు?

లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చిన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు అనంతపురం జిల్లాలో ఉండేది. హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి ఊళ్లో తెలుగు, కన్నడ రెండూ వినిపిస్తాయి. గుడిలో శాసనాలు కూడా ఎక్కువగా కన్నడలోనే ఉన్నాయి.

గుడి వీరభద్ర స్వామిది. శ్రీకృష్ణదేవరాయల తర్వాత సింహాసనం ఎక్కిన ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529 నుంచి 1542 మధ్య, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. వీళ్లు పెనుకొండ కేంద్రంగా విజయనగర రాజుల కొలువులో ఉన్న అధికారులు. గుడి ఉన్న రాతి గుట్ట తాబేలు వీపులా ఉంటుంది. అందుకే దాన్ని కూర్మశైలం అంటారు.

ఊరి పేరు వెనక రెండు కథలున్నాయి. రావణుడి చేతిలో దెబ్బతిన్న జటాయువు ఇక్కడే పడిందని, రాముడు దాన్ని చూసి 'లే పక్షీ' అన్నాడని ఒకటి. రెండోది కాస్త భయపెట్టే కథ. విరుపణ్ణ రాజుగారి అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడట. కళ్లు తీయించమని రాజు ఆజ్ఞ ఇస్తే, ఆ శిక్ష తానే వేసుకుని కళ్లు పీకి గోడకు విసిరాడట. కళ్యాణ మండపం దగ్గర గోడ మీద ఉన్న రెండు ఎర్రటి మరకలు ఆ కళ్లవేనని ఇప్పటికీ చూపిస్తారు. ఇవి జనం నోట నిలిచిన కథలు, చరిత్ర ఆధారాలు కావు. కానీ గైడ్ ఆ మరకల దగ్గర ఆగి గొంతు తగ్గించి చెబుతుంటే ఒళ్లు జలదరించడం మాత్రం ఖాయం.

ఇంతకీ స్తంభం గాల్లో ఎలా ఉంది?

నాట్య మండపంలో సుమారు 70 రాతి స్తంభాలు ఉన్నాయి. వాటిలో ఒకటి నేలను పూర్తిగా ఆనదు. కింద సన్నని సందు ఉంటుంది. గుడ్డ ఒకవైపు నుంచి దూర్చి ఇంకోవైపు నుంచి లాగితే మంచి జరుగుతుందని నమ్మకం. బ్రిటిష్ కాలంలో ఓ ఇంజనీర్ దీని రహస్యం కనిపెట్టాలని స్తంభాన్ని జరపబోయాడని, పక్క స్తంభాలు కూడా కదలడంతో భయపడి ఆపేశాడని చెబుతారు.

మ్యాజిక్ అనుకునే వాళ్లను నిరాశపరచడం ఇష్టం లేదు గానీ, లెక్క సింపుల్. నేలను ఆనని స్తంభం పైకప్పు బరువు మోయలేదు కదా! ఆ బరువంతా పైన ఉన్న రాతి దూలాలు, చుట్టుపక్కల స్తంభాలు పంచుకుంటున్నాయి. ఒక్క స్తంభం పక్కకు తప్పుకున్నా మండపం ఇన్ని వందల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలబడింది చూశారా, నా దృష్టిలో అసలు గొప్పతనం అదీ.

అన్నట్టు, ఆ స్తంభం దగ్గర క్యూ కట్టే హడావిడిలో మిగతా స్తంభాల్ని ఎవరూ చూడరు. మండపం మధ్య చుట్టూ ఉన్న స్తంభాల మీద ఓ కచేరీయే జరుగుతోంది. రంభ నాట్యం చేస్తుంటే తుంబురుడు వీణ పట్టుకున్నాడు, బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. మూడు కాళ్ల భృంగి కూడా అక్కడే ఉన్నాడు. ఒక్కో స్తంభం ముందు రెండు నిమిషాలు నిలబడి తిరిగితే మొత్తం సీన్ మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు తల ఎత్తండి

నేను మొదటిసారి వెళ్లినప్పుడు అసలు పైకి చూడలేదు. స్తంభం, నంది, నాగలింగం... వీడియోలు తీసుకుని బయటికొచ్చేశా. ఇంటికొచ్చాక ఫుటేజ్ చూస్తుంటే ఒక ఫ్రేమ్ పైభాగంలో ఎర్రటి రంగు కనిపించింది. జూమ్ చేస్తే ఎవరో ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు, ఒక్కొక్కరి చీర ఒక్కో డిజైన్. అది చూడ్డానికే రెండోసారి వెళ్లాల్సి వచ్చింది.

పైకప్పు రాళ్ల మీద సున్నపు గార పూసి, ఎరుపు నేపథ్యం వేసి, పసుపు, తెలుపు, ఆకుపచ్చ లాంటి రంగులతో బొమ్మలు గీసి, నల్లటి గీతతో అంచులు దిద్దారు. రంగులన్నీ మట్టి, రాళ్లు, చెట్ల నుంచి తీసినవే. ఒక్కో దూలానికీ దూలానికీ మధ్య ఉన్న పొడవాటి పట్టీలో ఒక్కో కథ. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు బాణం ఎక్కుపెట్టాడు. ఇంకో చోట అదే అర్జునుడు అడవి పంది కోసం కిరాతుడి వేషంలో ఉన్న శివుడితో గొడవ పడుతున్నాడు. పార్వతీ కళ్యాణం ఉంది. దూడను రథంతో తొక్కించిన కన్నకొడుకునే శిక్షించిన చోళరాజు కథ ఉంది. మర్రి ఆకు మీద పడుకున్న చిన్ని కృష్ణుడి బొమ్మ దగ్గర గైడ్లు తప్పకుండా ఆగుతారు. ఏ పక్కకు వెళ్లి చూసినా ఆ పిల్లాడు మిమ్మల్నే చూస్తున్నట్టు ఉంటాడు.

గర్భగుడికి ముందున్న అర్ధమండపం పైకప్పు నిండా వీరభద్రుడి బొమ్మ ఉంది. కొలత సుమారు 24 అడుగులు బై 14 అడుగులు. మామూలు సింగిల్ బెడ్రూం హాల్ కంటే పెద్దది! గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ కూడా తమ పరివారంతో భక్తుల్లా ఆ చిత్రాల్లో కనిపిస్తారు. తలల మీద పొడవాటి టోపీలున్నాయి చూడండి, వాటినే కుళ్లాయిలు అంటారు. శ్రీనాథుడు కన్నడ రాజ్యానికి వెళ్లినప్పుడు పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయిన కుళ్లాయి ఇలాంటిదే.

దేవుళ్ల కథలు మిగతా గుళ్లలోనూ దొరుకుతాయి. ఇక్కడ స్పెషల్ ఏంటంటే ఆనాటి మనుషులు దొరుకుతారు. ఆడవాళ్లు చీర ఎలా కట్టారు, అంచు ఎంత వెడల్పు, కొప్పు ఎటు ముడిచారు, ఏ నగలు పెట్టుకున్నారు, కొలువుకి వెళ్లే మగవాళ్లు ఏం వేసుకున్నారు... 1530ల నాటి ఫ్యాషన్ అంతా రంగుల్లో ఉంది. 1565 యుద్ధం తర్వాత హంపి నగరం ధ్వంసమైపోయింది. కాబట్టి ఆ కాలం వేషభాషల మీద పరిశోధన చేసేవాళ్లు లేపాక్షి పైకప్పును చూడకుండా ఉండలేరు. ఆవరణలోనే ఉన్న లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పూలు, హంసల డిజైన్లయితే ఇప్పటికీ చీర అంచుల మీదికి దిగుతూనే ఉన్నాయి. ప్రభుత్వ హస్తకళల షోరూమ్‌లకు 'లేపాక్షి' అని పేరు పెట్టింది కూడా ఈ ఊరిని బట్టే.

ఎందుకు తొందరపడాలి?

నాట్య మండపంలో కొన్ని పట్టీల్లో బొమ్మ సగమే ఉంది. మిగతా సగం గార రాలిపోయి వట్టి రాయి కనిపిస్తోంది. కొన్ని చోట్ల రంగు మాసిపోయి గీత మాత్రమే మిగిలింది. గుడి ఆర్కియాలజీ విభాగం రక్షణలో ఉంది. నందితో కలిపి ఈ గుడి 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. తాత్కాలిక జాబితా అంటే గుర్తింపు వచ్చేసినట్టు కాదు, పోటీకి పేరు ఇచ్చినట్టు. 2021లో మన రామప్ప గుడికి పూర్తి గుర్తింపు వచ్చింది, లేపాక్షి ఇంకా లైన్లోనే ఉంది. ఏ గుర్తింపు వచ్చినా రాలిన రంగు మాత్రం తిరిగి రాదు.

అందుకే రెండు విషయాలు. ఫోన్ ఫ్లాష్ ఆఫ్ చేయండి. మండపంలో వెలుతురు తక్కువే, కానీ రెండు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటు పడతాయి. రంగులు బాగా కనిపించాలంటే మేఘాలు లేని రోజు, ఎండ బాగా ఉన్న పూట వెళ్లండి. ఇంకోటి, స్తంభాలకు, గోడలకు ఆనుకుని ఫొటోలు దిగొద్దు. వేల చేతులు తగిలి కొన్ని శిల్పాల ముక్కూ మొహం ఇప్పటికే నున్నగా అరిగిపోయాయి.

మిగతావి త్వరగా

గుడి వెనక భాగంలో ఏడు పడగల నాగలింగం ఉంది, ఒకే బండలో చెక్కారు. అమ్మ వంట పూర్తి చేసేలోపు శిల్పులు దీన్ని చెక్కేశారని కథ! పక్కనే కళ్యాణ మండపం. శివపార్వతుల పెళ్లికొచ్చిన దేవతలు, ఋషులు స్తంభాల మీద నిలబడి ఉంటారు గానీ పైకప్పు లేదు. పని మధ్యలో ఆగిపోయింది. విరుపణ్ణ కళ్ల కథ పుట్టింది ఇక్కడి నుంచే. నేల మీద పెద్ద పాదం గుర్తు ఉంది, సీతమ్మదని కొందరు, హనుమంతుడిదని కొందరు అంటారు. రాతిలో తొలిచిన పళ్లాలు కూడా ఉన్నాయి. శిల్పులు భోజనం చేసేవాళ్లని చెబుతారు, రంగులు కలిపేవాళ్లని చెప్పేవాళ్లూ ఉన్నారు.

నంది గుడి లోపల కాదు, కొంచెం దూరంలో రోడ్డు పక్కన పార్కులో ఉంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఏకశిల. మెడలో గంటలు, హారాలు విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. తల ఎత్తి చూసే ఆ తీరు వల్లేనేమో, ఇప్పుడే లేచి వచ్చేస్తుందా అనిపిస్తుంది. అడవి బాపిరాజు ఈ బసవన్న మీద పాటే రాశారు.

ఎలా వెళ్లాలి? ఎంత టైమ్ పడుతుంది?

రైల్లో అయితే హిందూపురంలో దిగి బస్సు గానీ ఆటో గానీ ఎక్కాలి. కారులో హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఒకటే రోడ్డు, 44వ నంబర్ జాతీయ రహదారి. కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర హిందూపురం వైపు తిరగాలి. హైదరాబాద్ నుంచి దాదాపు 480 కిలోమీటర్లు కాబట్టి ఒక్క రోజులో వెళ్లి రావడం కష్టం, హిందూపురంలో రూమ్ తీసుకోండి. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు మాత్రం పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు.

గుడికి కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి. ఆవరణంతా బండరాయి, చెప్పులు బయటే విడవాలి. ఎండాకాలం పదకొండు దాటితే కాళ్లు మాడిపోతాయి, సాక్సులు దగ్గర పెట్టుకుంటే బెటర్. మెడ నొప్పి వచ్చేవాళ్లకు చిన్న చిట్కా: ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి అరచేతిలో పెట్టుకుంటే పైకప్పు బొమ్మలు అందులో కనిపిస్తాయి. కుడి ఎడమలు తారుమారవుతాయి, అంతే.

ఇంకో రోజు ఉంటే...

హైవే మీదే పెనుకొండ వస్తుంది. 1565లో ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని మార్చుకుంది ఈ ఊరికే. కొండ మీద కోట, కింద గగన్ మహల్, ఊళ్లో బాబయ్య దర్గా ఉన్నాయి. దర్గాకు హిందువులు, ముస్లింలు ఇద్దరూ వస్తారు.

అక్కడి నుంచి ధర్మవరం వైపు వెళ్తే పట్టుచీరల షాపుల దగ్గరే అందరూ ఆగిపోతారు. ఇంకాస్త ముందుకెళ్లి నిమ్మలకుంట కూడా చూడండి. తోలుబొమ్మలు చేసే కుటుంబాల ఊరు ఇది. వీళ్ల పెద్దలు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చారు, ఇళ్లల్లో ఇప్పటికీ మరాఠీ యాస మాట్లాడుకుంటారు. మేక తోలును వెలుతురు కనిపించేంత పలుచగా చేసి, నగలున్న చోటల్లా చిన్న చిన్న చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులు అద్దుతారు. తెర వెనక దీపం పెట్టగానే ఆ చిల్లులే మెరిసే ముత్యాలవుతాయి. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

రాత్రంతా రామాయణం ఆడించే పిలుపులు తగ్గిపోయాక చాలామంది అదే తోలుతో ల్యాంప్ షేడ్లు, గోడ బొమ్మలు చేసి అమ్ముతున్నారు. బతుకు గడిచేది ఎక్కువగా వాటి మీదే. కొనాలనుకుంటే ఇంటి దగ్గరే కొనండి, డబ్బు నేరుగా చేసినవాళ్ల చేతికే వెళ్తుంది. కేతిగాడు, బంగారక్క బొమ్మలు ఉన్నాయేమో అడగండి. ఆటలో జనాన్ని నిద్రపోకుండా నవ్వించేది ఆ ఇద్దరే. కొనేవాళ్లు మాత్రం ఎప్పుడూ రాముడు, హనుమంతుడినే అడుగుతుంటారు.