నదికి పర్మిట్: ఒక ఆస్తి చరిత్ర

మన సాహిత్యంలో నది స్వేచ్ఛకు సంకేతం. కట్టలు తెంచుకునే ప్రజాశక్తిని చెప్పాలన్నా, ఆగని కాలాన్ని చెప్పాలన్నా మన కవికి ముందు గుర్తొచ్చేది నదే. ఈ సంకేతాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే సంకేతంగా మారిన ప్రతి వస్తువుకూ ఒక భౌతిక చరిత్ర ఉంటుంది. నదిలో దిగే హక్కు ఎవరిది? అనుమతి ఎవరు అడగాలి? ఎవరు ఇవ్వాలి? ఈ ప్రశ్నలు వేసిన మరుక్షణం నది కవిత్వంలోంచి చట్టంలోకి, చట్టంలోంచి ఆస్తి సంబంధాల్లోకి ప్రవహిస్తుంది.

ఆ చరిత్రను నేను ఒక చిన్న వర్గం అనుభవం ద్వారా చూడదలిచాను. రాళ్ల మీద నురగలు కక్కే నీటిలో, సరదా కోసం, రబ్బరు రాఫ్టులూ కయాక్‌లూ వేసుకుని ప్రయాణించే వాళ్లు వీళ్లు. ఆ నీటిని వాళ్లు ‘వైట్‌వాటర్’ అంటారు. ఇది తీరికగల వాళ్ల వినోదం కదా, అభ్యుదయ రచయితలకు దీనితో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఎవరికీ లాభం తెచ్చిపెట్టని పనికి చట్టం ఏ పాటి చోటు ఇస్తుందో చూస్తేనే ఆ చట్టం ఎవరి కోసం పుట్టిందో తెలుస్తుంది. ఇదీ నా సమాధానం. ఉదాహరణగా అమెరికాను తీసుకుంటున్నాను. అక్కడ ఈ తగాదా కోర్టు తీర్పుల్లోనూ పర్మిట్ల లెక్కల్లోనూ విపులంగా నమోదైంది. పైగా అక్కడి తీర్పుల్లోని ఒక సూత్రం మన బియాస్ నది దాకా వచ్చింది.

1. వర్తకం ఇచ్చిన హక్కు

పారే నీరు, గాలి, సముద్రం అందరివీ అని క్రీ.శ. 533 నాటి జస్టీనియన్ రోమన్ న్యాయ గ్రంథం ప్రకటించింది. 1215లో ఇంగ్లండు ప్రభువర్గం రాజు చేత ఒప్పించుకున్న మాగ్నా కార్టాలో, థేమ్స్, మెడ్వే నదుల్లోనూ దేశమంతటా ఉన్న ఇతర నదుల్లోనూ అడ్డంగా కట్టిన చేపల కట్టలను తొలగించాలన్న నిబంధన ఉంది. 1787లో అమెరికా వాయవ్య భూభాగపు శాసనం, మిసిసిపీలోనూ సెయింట్ లారెన్స్‌లోనూ కలిసే నౌకాయాన యోగ్యమైన నదులు అందరికీ ఎప్పటికీ ఉచితమైన రహదారులు అన్నది.

ఇవన్నీ ఉదారంగా వినిపిస్తాయి. కాని ‘నౌకాయాన యోగ్యమైన’ అన్న విశేషణం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మిచిగన్‌లోని గ్రాండ్ నది మీద తిరిగే ‘డేనియల్ బాల్’ అనే ఆవిరి పడవ కేసులో, 1870-71లో అమెరికా సుప్రీం కోర్టు ఈ మాటకు అర్థం చెప్పింది. నది తన సహజ స్థితిలో వర్తకానికి రహదారిగా ఉపయోగపడితే, లేదా ఉపయోగపడగలిగితే, అది నౌకాయాన యోగ్యం. తర్వాతి కాలంలో నదీగర్భం ఎవరి సొత్తో తేల్చడానికీ ఈ కొలబద్దే ఆధారమైంది. రాష్ట్రంగా ఏర్పడిన నాటికి నది ఈ పరీక్షలో నెగ్గితే దాని అడుగు భూమి రాష్ట్రానిది. నెగ్గకపోతే చాలా చోట్ల అది గట్టు మీది భూస్వామిదే.

కలప, ధాన్యం, బొచ్చుతోళ్లు మోసిన నది ప్రజలదైంది. ఏ సరుకూ మోయని నది ప్రైవేటు ఆస్తి అయింది. 1931లో యూటా రాష్ట్రపు కేసులో కొలరాడో నదిలోని చాలా భాగం నౌకాయాన యోగ్యమని కోర్టు ఒప్పుకుంది గాని, భయంకరమైన ఉరవడి ఉన్న కేటరాక్ట్ కేన్యన్ ముక్కను మాత్రం విడదీసి, అది యోగ్యం కాదన్నది. వినోద నావికులు వెతుక్కుంటూ వెళ్లేది సరిగ్గా ఆ ముక్కనే! 2012లో మోంటానా నదుల కేసులో అదే కోర్టు మరో మాట అన్నది. నదిని ముక్కముక్కగా పరీక్షించాలట. రాష్ట్రం ఏర్పడిన నాటి వర్తకమే ప్రమాణం కాబట్టి, ఇవాళ జనం సరదాగా పడవలు వేసుకుంటున్నారన్నంత మాత్రాన అది రుజువు కాదట. బేరం జరిగిన చోట హక్కు పుట్టింది, ఆట జరిగిన చోట పుట్టలేదు.

2. ఒకే వాక్యం, రెండు వ్యాఖ్యానాలు

సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. 1876 నాటి కొలరాడో రాష్ట్ర రాజ్యాంగం అక్కడి ప్రవాహాల నీరు ప్రజల ఆస్తి అన్నది. ఆ వాక్యాన్ని నమ్మి 1976లో కొందరు రాఫ్టు వేసుకుని, ఒక పశుక్షేత్రం మీదుగా పారే నదిలో ప్రయాణించారు. వాళ్ల మీద అక్రమ ప్రవేశం కేసు పెట్టారు. నీరు లోతు తక్కువైన చోట రాఫ్టు అడుగు భూమికి తగిలింది. ఆ భూమి ప్రైవేటుది. 1979లో రాష్ట్ర సుప్రీం కోర్టు శిక్షను సమర్థించింది. రాజ్యాంగంలోని ఆ మాట సేద్యానికీ ఇతర అవసరాలకూ నీటిని మళ్లించుకునే వాళ్ల కోసమేగాని, భూమి యజమాని అనుమతి లేకుండా తేలుతూ వెళ్లే వాళ్ల కోసం కాదన్నది. నీరు ప్రజలది, నీటి కింది నేల మరొకరిది!

ఇక మోంటానా ఉంది. 1972 నాటి దాని రాజ్యాంగంలోనూ దాదాపు ఇదే భావం కనబడుతుంది: నీళ్లన్నీ ప్రజల ఉపయోగం కోసం రాష్ట్రం ఆస్తి. 1984లో అక్కడి సుప్రీం కోర్టు ఆ మాటకు పూర్తిగా వ్యతిరేకమైన అర్థం తీసింది. వినోదానికి పనికొచ్చే నీటిని, అడుగు భూమి ఎవరిదైనా సరే, ప్రజలు వాడుకోవచ్చన్నది. 1985లో శాసనసభ దాన్ని చట్టం చేసింది. నిండుగా పారినప్పుడు నీరు గట్టుకు వేసే గుర్తు లోపల ఎక్కడైనా నడవవచ్చు, పడవ లాగవచ్చు. కాని ఒడ్డు మీది ప్రైవేటు పొలం దాటి నదిలోకి దిగే హక్కు లేదు. 2022లో న్యూమెక్సికో సుప్రీం కోర్టు కూడా మోంటానా బాటనే పట్టింది.

వాక్యం ఒకటే అయినా తీర్పులు రెండు వచ్చాయి. అర్థం పదంలోనే నిద్రపోతూ ఉంటుందని, విమర్శకుడు దాన్ని తట్టి లేపుతాడని వాదించే మన రూపవాద మిత్రులు ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ‘ప్రజలది’ అన్న మాటకు ఏ అర్థం వస్తుందన్నది ఆ రాష్ట్రంలో ఏ ప్రయోజనాల బలం ఎంత అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

3. కథానాయకుడూ, రేషనూ

ఇప్పుడు అదే కొలరాడో నదిలో గ్రాండ్ కేన్యన్‌కు వద్దాం. ఇక్కడ నేల జాతీయ పార్కుది, కాబట్టి భూస్వామి బెడద లేదు. అయినా పర్మిట్ ఉంది. ఎందుకు?

1869 మే 24న జాన్ వెస్లీ పావెల్ పదిమంది బృందంతో నాలుగు పడవలు వేసుకుని వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ పట్టణం నుంచి బయలుదేరాడు. అంతర్యుద్ధంలో కుడి చెయ్యి కోల్పోయిన మనిషి. ఆగస్టు 28న ముగ్గురు ఆ నీటితో ఇక వేగలేమని గట్టెక్కి వెళ్లిపోయి మళ్లీ కనబడలేదు. రెండు రోజుల తర్వాత మిగిలిన ఆరుగురు క్షేమంగా బయటపడ్డారు. 1871-72లో పావెల్ రెండో యాత్ర చేశాడు. కాని 1875లో ప్రచురించిన నివేదికలో రెండో యాత్ర సంఘటనలను కూడా మొదటిదాంట్లో కలిపేశాడు. రెండో బృందం సభ్యుల పేర్లు పుస్తకంలో లేవు. కొలరాడో మీద తర్వాత వచ్చిన సాహస సాహిత్యానికంతటికీ మూలగ్రంథమైన ఈ పుస్తకం, సమష్టి శ్రమను ఒక నాయకుడి వీరగాథగా కుదించి చెప్పిన పుస్తకం. ఒక్కడు, ఒక పడవ, ఎవరూ లేని నది: వినోద నావికుల కలలోని బొమ్మ ఇక్కడి నుంచి వచ్చిందే.

కల ఒక్కడిదే గాని, దానికోసం వచ్చిన వాళ్లు వేలు. 1967లో కేన్యన్‌లో పడవ ప్రయాణం చేసినవారు 2,099 మంది. 1972 నాటికి 16,432 మంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన సైనిక రబ్బరు పడవలు చవకగా దొరకడం, 1963లో ఎగువన గ్లెన్ కేన్యన్ డ్యాం తలుపులు మూసి వరదలను అదుపు చేయడం, యాత్రలు నడిపే కంపెనీలు పెరగడం దీనికి తోడ్పడ్డాయి. ఇసుక తిన్నెల మీద పొయ్యిల బూడిద, పూడ్చిపెట్టిన మలం పేరుకుపోయాయి. వరదలు లేక వాటిని కడిగే నీరూ లేదు. పరిమితి విధించక తప్పని స్థితి అది. ఇవాళ వంట నిప్పు ఇనుప పళ్లెంలోనే వెలిగించాలి, బూడిదతోపాటు మలాన్ని కూడా డబ్బాల్లో మోసుకుపోవాలి. ఈ నియమాలతో నాకు పేచీ లేదు. నియంత్రణ అంటేనే స్వేచ్ఛకు శత్రువు అనేది మార్కెట్ వాదుల నినాదం, మనది కాదు.

పేచీ పంపకంలో ఉంది. 1973లో వాడకాన్ని 1972 స్థాయి దగ్గర నిలిపేశారు. ఒక మనిషి నది మీద గడిపే ఒక రోజును ఒక లెక్కగా తీసుకుని, అందులో 92 శాతం కంపెనీలకూ 8 శాతం సొంతంగా పడవ వేసుకునే వాళ్లకూ కేటాయించారు. అప్పటికే నదిని ఎవరు ఎక్కువ అమ్ముకుంటున్నారో వాళ్లకే ఎక్కువ వాటా! డబ్బు కట్టగలిగిన వాడు కంపెనీ టిక్కెట్టు కొనుక్కుని వెళతాడు. సొంత తెడ్డు పట్టుకున్న వాడు జాబితాలో పేరు రాయించుకుని కూర్చుంటాడు. సొంత నావికులు కోర్టుకెక్కారు. ఇలా పంచే అధికారం పార్కు యాజమాన్యానికి ఉందని 1979లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. 1980 నాటి ప్రణాళికలో కంపెనీలకు 1,15,500 దినాలు, సొంత నావికులకు 54,450 దినాలు వచ్చాయి. మోటారు పడవలను క్రమంగా తొలగించాలని కూడా ఆ ప్రణాళిక తలపెట్టింది. కాంగ్రెస్‌లో ఒక బడ్జెట్ బిల్లుకు తగిలించిన సవరణతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. నిరీక్షణ జాబితా వేల పేర్లకు పెరిగి, పదేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. 2006 ప్రణాళికలో జాబితా స్థానంలో లాటరీ వచ్చింది, సొంత నావికుల వాటా లక్ష దినాలు దాటింది. ముప్ఫై ఏళ్లకు పైగా సాగిన పోరాటానికి వచ్చిన ఫలితం ఇది. కంపెనీల 1,15,500 మాత్రం చెక్కు చెదరలేదు.

4. లెక్కలోకి రానివారు

ఈ కథలో సొంత నావికుణ్ణి పీడితుడిగా చూపి ముగించడం సులభం. అది అర్ధసత్యం. ‘నదిని మాకు తిరిగి ఇవ్వండి’ అని అతను అడిగేటప్పుడు, అతనికంటే ముందు అది ఎవరిదో అడగాలి. కేన్యన్ పీఠభూమి మీదా లోయలోనూ జీవించిన హవసుపాయ్ జాతిని 1882లో 518 ఎకరాల ముక్కకు కుదించారు. 1919లో చుట్టూ జాతీయ పార్కు ఏర్పడింది. 1975లో గాని 1,85,000 ఎకరాలు వాళ్లకు తిరిగి రాలేదు. హువాలపాయ్ ప్రజల రిజర్వేషన్ 1883లో ఏర్పడింది. నది పక్కన 108 మైళ్ల పొడవున ఉంటుంది. ప్రయాణాలు ముగించుకుని చాలామంది గట్టెక్కే డైమండ్ క్రీక్ వాళ్లదే. అక్కడ వాళ్లు రుసుము వసూలు చేస్తారు, 1973 నుంచి సొంతంగా పడవలు కూడా నడుపుతున్నారు. ఆ రుసుము మీద సణిగే నావికుడికి ఒక్క మాట చెప్పాలి. పార్కు పర్మిట్ కాగితం కంటే ఆ రుసుముకే చారిత్రక న్యాయం ఎక్కువ.

‘ఎవరూ లేని నది’ అన్న భ్రమ పావెల్ పుస్తకంతోనే మొదలు కాలేదు, ఆయనతోనే ఆగలేదు. కాని జనాన్ని ఖాళీ చేయించిన తర్వాతనే ప్రకృతి ‘నిర్జన సౌందర్యం’గా కనబడుతుందన్న సంగతి ప్రకృతి కవిత్వం రాసే మనమందరం జ్ఞాపకం ఉంచుకోవాలి.

5. బియాస్ దాకా

1869లోనే, పావెల్ పడవ ఎక్కిన ఏడాదే, ఇల్లినాయ్ శాసనసభ షికాగో ఒడ్డున మిచిగన్ సరస్సు అడుగు భూమిని వెయ్యి ఎకరాలకు పైగా ఒక రైలు కంపెనీకి రాసిచ్చింది. తర్వాత తనే రద్దు చేసుకుంది. ఆ రద్దును 1892లో సుప్రీం కోర్టు సమర్థించింది. అటువంటి నీటి అడుగు భూమి ప్రభుత్వం చేతిలో ఉన్నది ప్రజల తరఫున ధర్మకర్తగానేనని, ఇష్టం వచ్చినట్టు ధారాదత్తం చేసే వీలు లేదని చెప్పింది. దీన్నే ప్రజా ధర్మకర్తృత్వ సూత్రం అంటున్నారు. కులూ-మనాలీ లోయలో ఒక మోటెల్ కోసం బియాస్ నది దారి మళ్లించిన వ్యవహారంలో, 1996 డిసెంబరులో మన సుప్రీం కోర్టు ఈ సూత్రాన్నే ఆధారం చేసుకుని, అది మన దేశపు చట్టంలో భాగమేనని ప్రకటించింది. ఎం.సి. మెహతా, కమల్‌నాథ్ కేసుగా అది ప్రసిద్ధం.

గొప్ప తీర్పే. కాని అదే బియాస్ 2014 జూన్ 8న మరొక పాఠం చెప్పింది. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు నది మధ్య రాళ్ల మీద ఉండగా, ఎగువన లార్జీ డ్యాం నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు పడవల్లో లేరు, వాళ్లకు పర్మిట్ ప్రసక్తే లేదు. అయినా ఈ చరిత్రలో వాళ్ల స్థానం కీలకమైనది. నదిలో దిగే మనిషికి వేయి షరతులు రాసే వ్యవస్థ, నీటిని వదిలే చేతికి ఎన్ని షరతులు రాసింది? గ్రాండ్ కేన్యన్‌లోనూ విద్యుత్ గిరాకీని బట్టి గంటగంటకూ నీటిమట్టం పెరిగి తగ్గేది. దిగువ లోయను కాపాడేలా డ్యాంను నడపాలన్న చట్టం 1992లో గాని రాలేదు. పడవ మీద పరిమితి పెట్టిన 19 ఏళ్లకు గాని డ్యాం మీద పరిమితి రాలేదు.

అందుకని నదికి పర్మిట్ ఉండాలా వద్దా అన్నది నా దృష్టిలో తప్పుడు ప్రశ్న. పర్మిట్ అడిగేది ఎవరు, అడగనక్కర లేనిది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. సరదాకు తెడ్డు పట్టిన వాడు అడగాలి. కంపెనీ ఏటేటా తన వాటా తీసుకుంటుంది. డ్యాం ఎవరినీ అడగకుండా తలుపులెత్తుతుంది. ఆదివాసి ఒకప్పుడు అడగనక్కర లేనివాడు, ఇప్పుడు అడగవలసిన వాడయ్యాడు. నదిని గురించి రాసే మన రచయితలు ఈ నలుగురినీ ఒకే కాగితం మీదికి తీసుకురాగలిగితే, నది మన సాహిత్యంలో ఇప్పటికంటే బలమైన సంకేతం అవుతుంది. అప్పుడు దాని వెనక చరిత్ర కూడా ఉంటుంది.