ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆస్తి వారసత్వం
వీలునామా రాయకుండా చనిపోయిన హిందూ రైతు స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లకు సమానంగా చెందుతుంది. ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. ఎన్టీఆర్ ప్రభుత్వ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు పుట్టుకతోనే భాగమిచ్చింది. అప్పటికే అత్తారింటికి వెళ్లినవారు 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అది అన్యాయమే. కూతురికి భాగం రావడానికి 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ముస్లిం కుటుంబాల్లో కొడుకు వాటాలో సగం కూతురిది. 1937 షరియత్ చట్టం సాగుభూమిని వదిలేసింది. ఆదోని అప్పుడు మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో ఉండేది. 1949 మద్రాసు సవరణతో ఇక్కడి పొలాలూ షరియత్ కిందికొచ్చాయి.

పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన హక్కు రాదు. తహసీల్దారిచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఆడబిడ్డల పేర్లున్నాయో లేదో ముందే చూసుకోవాలి.