నీటిరంగుల చిత్రానికి కాగితం ఎంపిక: వాట్‌మన్ కాగితం నుండి వాష్ పద్ధతి వరకు

నీటిరంగుల చిత్రాలను గురించి వ్రాసే చరిత్రకారులు చిత్రకారుని, పోషకుని, శైలిని విస్తారంగా చర్చిస్తారు. కాగితం విషయాన్ని మాత్రం ‘కాగితంపై నీటిరంగులు’ అన్న రెండు మాటలతో సరిపెడతారు. తైలవర్ణ చిత్రంలో ఆధారఫలకం రంగు క్రింద మరుగుపడుతుంది. పారదర్శకమైన నీటిరంగులో తెలుపు అంటే కాగితమే. వెలుగు రంగుపొరను దాటి కాగితాన్ని తాకి తిరిగి వస్తుంది. అందువల్ల కాగితం ఎంపిక శైలీనిర్ణయంలో భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

18వ శతాబ్ది మధ్యకాలం వరకు ఐరోపాలో సమాంతరంగా పేర్చిన తీగల జల్లెడపై కాగితం తీసేవారు. ఆ తీగల గీతలు కాగితంలో నిలిచిపోయేవి. పలుచని రంగుపూత వాటి వెంట పేరుకొని చారలుగా కనిపించేది. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, మెయిడ్‌స్టన్ వద్ద టర్కీ మిల్లు యజమాని జేమ్స్ వాట్‌మన్ (1702–1759) బట్టవలె నేసిన ఇత్తడి తీగల జల్లెడతో గీతలు లేని కాగితాన్ని తయారుచేశాడు. అది చిత్రకారుల కోసం పుట్టినది కాదు. ముద్రాపకుడు జాన్ బాస్కర్‌విల్ 1757లో వెలువరించిన వర్జిల్ కావ్యసంపుటిలో కొంత భాగానికి ఆ కాగితాన్ని వాడాడు.

అయితే నునుపు కంటె ముఖ్యమైనది పూత. గుడ్డపేలికల గుజ్జుతో చేసిన కాగితం స్వతహాగా అద్దుడు కాగితం వంటిది. తోళ్ళను ఉడికించి తీసిన సరేసులో, అంటే జెలటిన్‌లో, పటిక కలిపి కాగితాలను ముంచి ఆరబెట్టేవారు. వ్రాతసిరా ఇంకిపోకుండా ఉండటానికి చేసిన ఈ ఏర్పాటు చిత్రకారునికి కలిసివచ్చింది. తుమ్మజిగురు కలిపిన రంగు నారలలోకి దిగక పైనే నిలుస్తుంది. తడిగుడ్డతో దానిని తీయవచ్చు, కత్తిమొనతో గీకి తెలుపును తిరిగి రప్పించవచ్చు. టర్నర్ కాగితాన్ని తడిపి, తుడిచి, గోటితో గీకి పనిచేసేవాడు. అతని కాగితాలపై పీటర్ బోవర్ 1990లో ప్రకటించిన పరిశోధన ఆ ఎంపికనే ప్రధానాంశంగా స్వీకరించింది. ప్రతిభ ఎంతటిదైనా అద్దుడు కాగితంపై ఈ పనులు సాగవు.

భారతదేశపు సంప్రదాయం వేరు. పలుచని కాగితాలను పొరలుగా అతికించి, అకీకు రాయితో రుద్ది మెరుగుపెట్టిన వస్లీ మొగలు చిత్రకారుల దట్టమైన వర్ణాలకు, సన్నని కుంచెగీతకు తగిన తలం. 1777–1782 మధ్య కలకత్తాలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే భార్య మేరీ ఇంపే తన జంతుశాలలోని పక్షులను, జంతువులను చిత్రించడానికి పాట్నా చిత్రకారులు షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామదాస్‌లను నియమించింది. మూడు వందలకు పైబడిన ఆ చిత్రమాలకు వాడినది వాట్‌మన్ కాగితం. వాటిలోని కొత్తదనాన్ని పోషకురాలి అభిరుచికే ఆపాదించడం పరిపాటి. ఖాళీ తెల్లని నేపథ్యం ఐరోపా ప్రకృతిశాస్త్ర చిత్రాల మర్యాద అన్నది నిజమే. కాని ఈకలోని పోగులను విడివిడిగా చూపే మొగలు హస్తకౌశలం అందులో చెక్కుచెదరలేదు. తెలియని తలానికి తెలిసిన చేతిని మలచుకొన్న ఆ శ్రమను ‘ఆంగ్ల ప్రభావం’ అనడం ఆ ముగ్గురికీ అన్యాయమే.

కాగితం సత్తాను మరింత కఠినంగా పరీక్షించినది వాష్ పద్ధతి. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారులు యోకొయామా తైకాన్, హిషిదా షున్సోల పనితీరును గమనించి అవనీంద్రనాథ ఠాగూర్ దానిని రూపొందించాడు. రంగు వేసి, ఆరనిచ్చి, కాగితాన్నంతా నీట ముంచి, మళ్ళీ రంగు వేయాలి. పూత బలహీనమైతే నారలు లేచి, రంగు మరకలు కడుతుంది. ఈ కళాధోరణి బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోదకుమార ఛటోపాధ్యాయ ద్వారా చేరింది. అడివి బాపిరాజు అక్కడ ఆయన శిష్యుడు.

ఇటువంటి చిత్రాల కాలనిర్ణయానికీ కాగితం తోడ్పడుతుంది. 1794 తరువాతి వాట్‌మన్ కాగితాలలో పేరుతోపాటు తరచుగా సంవత్సరం కూడా జలచిహ్నంగా ఉంటుంది. వెలుగుకెదురుగా పట్టి చూస్తే అది చదవగలం. ఆ సంవత్సరానికి ముందు ఆ కాగితంపై చిత్రం గీసి ఉండటం అసాధ్యం.