చదువుకునే తల్లికి సెలవు



బరంపురంలో 1878లోనే కాలేజీ తరగతులు మొదలయ్యాయి. తర్వాత ఖల్లికోట కాలేజీగా పేరుపొందింది అదే. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒడిశాలో చేరాం. 1967లో మనకు యూనివర్సిటీ వచ్చింది. ఇన్నేళ్ళలో బిడ్డ పుట్టాక చదువు ఆపేసిన కోడళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో.

రైల్వే గుమాస్తాలం కనుక మాకు సెలవుల లెక్క తెలుసు. ఉద్యోగినులకు ప్రసూతి చట్టం 1961లో వచ్చింది. 2008లో కేంద్ర ఉద్యోగినులకు పిల్లల సంరక్షణకని 730 రోజుల సెలవు ఇచ్చారు. యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లోకి తల్లికి 240 రోజుల దాకా సెలవన్న మాట 2016లో ఎక్కింది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోమని 2021 డిసెంబరులో యూనివర్సిటీలకు ఉత్తరం రాసింది.

ఇదంతా బిడ్డ తల్లికే. మంచంపట్టిన అత్తగారిని చూసుకుంటూ చదివే కోడలికీ, తండ్రిని ఆసుపత్రికి తిప్పే కొడుక్కీ ఇందులో చోటు లేదు. అది మనం అడగాల్సిన మాట.

ఈలోగా ఎవరూ నోటిమాట విని చదువు మానుకోవద్దు. దరఖాస్తు రాసి ఇవ్వండి, నకలు మీద తేదీ ముద్ర వేయించుకోండి. రాయడం రాకపోతే మేమున్నాం.