నీడ చూపించిన బంగారం

ఒరే, ఆ కట్టె కాస్త లోపలికి ఎగదొయ్యండి, పొగ ఇటే వస్తోంది. రాత్రి మీరు టీవీలో పెట్టారే, ‘మెకన్నాస్ గోల్డ్’, దాని సంగతి చెబుతా. 1969 నాటి సినిమా. అమెరికాలో చతికిలబడింది గానీ మన దేశంలో మళ్లీ మళ్లీ వచ్చి హాళ్లు నింపింది. ఇంగ్లీషు ముక్క రానివాళ్లమూ ఎగబడి చూశాం. గుర్రాలకీ తుపాకులకీ భాషతో పనేముంది?

గ్రెగరీ పెక్ మార్షల్. చనిపోతున్న అపాచీ తెగ ముసలాయన దగ్గర దొరికిన, బంగారానికి దారి చూపే పటాన్ని ఓసారి చూసి తగలబెట్టేస్తాడు. ఇక దారంతా ఆయన బుర్రలోనే. ఒమర్ షరీఫ్ వేసిన బందిపోటు కొలరాడో ఆయన్ని చంపనూ లేడు, వదలనూ లేడు. ఆ బిగువు ఇప్పటికీ సడలలేదర్రా.

మరి ఈలై వాలాక్, లీ జె. కాబ్ లాంటి ఉద్దండుల్ని పిలిచి ఏం చేశారు? నాలుగు మాటలు చెప్పించి గుంపుగా కాల్చిపారేశారు. భోజనానికి పిలిచి, విస్తరి వేసి, పప్పు వడ్డించగానే లేపేసినట్టుంది. ఎడ్వర్డ్ రాబిన్సన్ మాత్రం నయం. కళ్లు పోయిన ముసలాడు తాను చూసిన బంగారాన్ని వర్ణిస్తుంటే నేను టీ తాగడం మర్చిపోయా.

అసలు సరుకు ఆ నీడ. అరిజోనాలో కాన్యన్ డి షే అనే లోయలో స్పైడర్ రాక్ అని నిజంగానే ఉంది, ఏడెనిమిది వందల అడుగుల రాతి స్తంభం. సినిమాలో తెల్లారగానే దాని నీడ సాగి సాగి బంగారానికి దారి చూపిస్తుంది. పొద్దెక్కేకొద్దీ నీడ కురచవ్వాలి గదా! గట్టు మీద నిలబడ్డ ఏ రైతునడిగినా చెబుతాడు. హాల్లో ఒక్కడికీ తట్టలేదు. రాత్రి నాకు తట్టింది, అయినా ఒళ్లు ఝల్లుమంది. ఎండా రాయీ నిజమైనవి మరి. చివర లోయ కూలేటప్పుడు బొమ్మ కొండల్ని మీరే పట్టేసి నవ్వారు.

నాకు మింగుడుపడనిది వేరే. జూలీ న్యూమార్ అనే తెల్లావిడకు రంగు పూసి అపాచీ పిల్లని చేశారు. పగతో రగలడం తప్ప ఆమెకి పనే లేదు. అపాచీలు కనబడితే చాలు, విలన్లొచ్చారని మేం ఈలలేశాం. బంగారం ఎవరిది? వాళ్లది. దోచుకోడానికి పోయేది ఎవరు? మేం చప్పట్లు కొట్టినవాళ్లు.

ఇలాంటివి చూసిన ఊపులోనే మన కృష్ణ 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ తీశాడు. ఆరుద్ర రాత, కె.ఎస్.ఆర్. దాస్ తీత, రాజస్థాన్ ఇసుక. అందులోనూ నిధి వేటే. రేపు అది పెట్టండి. కృష్ణ అని మొహమాటపడను, దానికీ మార్కులేస్తా.