విద్యార్థి డార్విన్ తొలి పరిశోధన

చార్లెస్ డార్విన్ పేరు వినగానే పరిణామవాదము మనకు స్ఫురించును. కాని ఆయన తన పరిశీలనలను మొదటిసారిగా ఒక శాస్త్రసభలో విన్నవించినది 18 ఏండ్ల ప్రాయమున, వైద్యవిద్యార్థిగా నున్నప్పుడు. ఆ పరిశోధనకు రంగస్థలము సముద్రతీరము.

1825లో తండ్రి ఆయనను వైద్యము చదువుటకై స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పంపెను. శస్త్రచికిత్సలకు మత్తుమందు లేని కాలమది. రెండు శస్త్రచికిత్సలను చూడబోయి, అవి ముగియకముందే డార్విన్ బయటికి పరుగెత్తెను. ఉపన్యాసములును విసుగు పుట్టించెను. ఆయన మనస్సు ప్రకృతివైపు మళ్ళెను.

ఎడింబరోకు చేరువనే ఫోర్త్ అను సముద్రశాఖ గలదు. రాబర్ట్ గ్రాంట్ అను జీవశాస్త్రజ్ఞునితో కలిసి డార్విన్, పోటు తీసిన తరువాత తీరమున నిలిచిన నీటిగుంటలలో జీవులను సేకరించెడివాడు. న్యూహేవెన్ జాలరులతో స్నేహము చేసి, ఆల్చిప్పలు పట్టు పడవలపై వెళ్ళెడివాడు. దొరికినవానిని ఒక నాసిరకపు సూక్ష్మదర్శినితో పరీక్షించెడివాడు.

ఇట్లు ఆయనకు రెండు సంగతులు తెలియవచ్చెను. మొదటిది ఫ్లస్ట్రాను గూర్చినది. చూచుటకు నాచువలె కనిపించినను, ఇది అతిసూక్ష్మమైన జంతువుల సముదాయము. దీని గ్రుడ్లని భావింపబడినవి సన్నని కేశములవంటి శైలికలను ఆడించుచు తమంతట తామే కదలుచుండెను. అనగా అవి గ్రుడ్లు కావు, డింభకములు. రెండవది, ఆల్చిప్పలకు అంటుకొనియుండు నల్లని చిన్న గుండ్లను గూర్చినది. అవి ఒక సముద్రపు నాచుయొక్క లేత మొలకలని అప్పటివరకు తలచిరి. డార్విన్ పరిశీలింపగా అవి చేపల రక్తము పీల్చు ఒక సముద్రపు జలగ గ్రుడ్ల సంచులని తేలెను.

ఆ విశ్వవిద్యాలయమున 1823లో స్థాపింపబడిన ప్లీనియన్ సంఘము ఉండెను. విద్యార్థులు ఒక నేలమాళిగ గదిలో సమావేశమై తమ పరిశీలనలను చర్చించుకొనెడివారు. ఒకనాడు ఒక యువకుడు మాటాడుటకు లేచి, ముఖము కందిపోగా, చెప్పదలచినది మరచితినని ఒప్పుకొని కూర్చుండెనని డార్విన్ తన ఆత్మకథలో వ్రాసెను. 1827 మార్చి 27న అట్టి సభలోనే డార్విన్ తన రెండు విషయములను ప్రకటించెను. సభ్యులు ఊరక మెచ్చుకొని విడువలేదు. వివరములు వ్రాసి, నమూనాలతో సహా చూపుమని కోరిరి. ఏప్రిల్ 3న ఆయన ఆ జలగను, దాని గ్రుడ్లను, పిల్లలను సభ యెదుట ఉంచెను.

అయితే మార్చి 24ననే, అనగా మూడు దినములు ముందుగా, గ్రాంట్ ఈ రెండు జీవుల సంతానోత్పత్తిని గూర్చి పెద్దల సంఘమైన వెర్నేరియన్ సభలో పత్రములు చదివియుండెను. శిష్యుని మనస్సు నొచ్చియుండుటలో వింతలేదు. ఆ యేడే ప్రచురించిన వ్యాసమున మాత్రము, ఆ గుండ్లు జలగవని మొదట కనుగొన్న ఖ్యాతి డార్విన్‌దేయని గ్రాంట్ పేరు పెట్టి అంగీకరించెను. ఫ్లస్ట్రా విషయమున అట్టి గుర్తింపు దక్కలేదు.

డార్విన్ 1827లోనే ఎడింబరోను, వైద్యవిద్యను విడిచెను. కాని తీరమున అలవడిన చూపు ఆయనను విడువలేదు. 1831లో బీగిల్ నౌక నెక్కినప్పుడును, తరువాత ఎనిమిదేండ్లు బార్నకిల్ అను సముద్రజీవులను పరిశోధించినప్పుడును అదే ఆయనకు తోడయ్యెను.

ఊరి చెరువుగట్టున విద్యార్థి ఏరి తెచ్చిన వస్తువు చిన్నదే కావచ్చును. అది ఏమని అందరు అనుకొనుచున్నారో తెలిసికొని, తాను చూచినదేమో చెప్పి, వస్తువును ఎదుట నుంచినచో అది పరిశోధనయే యగును. అతని పేరును మరువకుండుట గురువు ధర్మము.