అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్

అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ పేదపిల్లలకు, ముఖ్యంగా ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు, ప్రయోగాలు చేయించి సైన్సు నేర్పే స్వచ్ఛంద సంస్థ. 1999లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉంది. కానీ సంస్థను చూడాలంటే వెళ్లాల్సింది కుప్పానికి. అక్కడికి దగ్గర్లో, చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని గుడివంక దగ్గర 172 ఎకరాల్లో దాని ప్రాంగణం ఉంది.

స్థాపకుడు రాంజీ రాఘవన్ మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో చదువుకున్నారు. తర్వాత లండన్ బిజినెస్ స్కూల్లో చదివి, విదేశాల్లో బ్యాంకింగ్ రంగంలో పెద్ద ఉద్యోగాలు చేసి, అవన్నీ వదులుకుని ఈ పనికి దిగారు. అణుశక్తి సంఘం మాజీ అధ్యక్షుడు పి.కె. అయ్యంగార్, రక్షణ పరిశోధన సంస్థకు సారథ్యం వహించిన వి.కె. ఆత్రే వంటి శాస్త్రవేత్తలు ఆయనకు అండగా నిలిచారు. అణు రియాక్టర్లు, ఆయుధ వ్యవస్థలు చూసినవాళ్లు పల్లెటూరి ఆరో తరగతి పిల్లల చేతికి అయస్కాంతం ఇవ్వడం గురించి ఆలోచించడం మన దేశంలో తరచూ జరిగే విషయం కాదు.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే చోటు కుప్పం. సంతలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. వానలు అంతంతమాత్రం, నీళ్లకు కటకట. సంస్థ చేతికొచ్చేనాటికి ఆ నేల రాళ్లూ ముళ్లపొదలే. వాననీటిని ఇంకించి, చెట్లు పెంచి దాన్ని పచ్చగా మార్చారు. కర్ణాటక అటవీశాఖలో పనిచేసిన పర్యావరణవేత్త ఎ.ఎన్. యల్లప్పరెడ్డి ఈ పనికి దారి చూపారు. చుట్టుపక్కల బడుల నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చి పగలంతా ఇక్కడి ప్రయోగశాలల్లో గడుపుతారు. చెట్లు, సీతాకోకచిలుకలు, పక్షులు కూడా పాఠాల్లో భాగమే. ఖగోళానికి, కళకు వేరే విభాగాలున్నాయి. 2017లో రామానుజన్ మ్యాథ్ పార్క్ తోడైంది. దీని రూపకల్పనలో గణితవేత్త సుజాత రాందొరై పాత్ర ముఖ్యమైనది. లెక్కలంటే భయపడే పిల్లలు అక్కడ ఆకారాలను చేత్తో తిప్పి చూసి సూత్రం దాకా వెళ్తారు.

అయితే అగస్త్యకు పేరు తెచ్చింది ప్రాంగణం కాదు, వ్యాను. ఎంత గొప్ప ప్రయోగశాల కట్టినా, అక్కడికి రాలేని పిల్లలే ఎక్కువ. కాబట్టి ప్రయోగశాలే బడికి పోవాలి. సంచార ప్రయోగశాల అంటే హంగుల వాహనమేమీ కాదు. నమూనాలు, పరికరాలు పెట్టెల్లో సర్దుకున్న ఒక వ్యాను, దాన్ని నడిపే డ్రైవరు, పిల్లల భాషలో మాట్లాడే ఒక బోధకుడు. అంతే. బడి వరండాలోనో చెట్టు కిందో బల్లలు వేసి పరికరాలు పరుస్తారు. ఏడు రంగుల చక్రం గిరగిరా తిప్పితే తెల్లగా కనబడటం, ఒక బ్యాటరీ, ఒక అయస్కాంతం, కాస్త రాగితీగతో మోటారు తిరగడం వంటివాటికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. చాలా నమూనాలు చవగ్గా దొరికే వస్తువులతో చేసినవే. పగిలితే మళ్లీ చేసుకోవచ్చు కనుక పిల్లలను ముట్టుకోవద్దని కసరాల్సిన పనిలేదు. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు తెలివి ఇక్కడే ఉంది. మన బడుల్లో ప్రయోగ పరికరాలు బీరువాల్లో భద్రంగా ఉండటానికి వాటి ధరే ఒక కారణం.

వ్యాను పోలేని దారులకు మోటారుసైకిలు మీద సామాను కట్టుకుని వెళ్లే పద్ధతి కూడా పెట్టారు. 2013లో భారత్‌లో జరిగిన గూగుల్ ఇంపాక్ట్ చాలెంజ్‌లో అగస్త్యను విజేతల్లో ఒకటిగా నిలిపింది ఈ ఆలోచనే.

బోధనలో సంస్థ కోరుకునే మార్పులు ఇవి: తలూపడం మాని ఎందుకని అడగాలి, ఊరికే చూడటం మాని పరిశీలించాలి, భయం పోయి ధైర్యం రావాలి. ఇందుకు వాళ్లు ఎంచుకున్న దారుల్లో మేలైనది పిల్లల చేత పిల్లలకు చెప్పించడం. చురుకైన విద్యార్థులకు తర్ఫీదునిచ్చి ‘యంగ్ ఇన్‌స్ట్రక్టర్ లీడర్లు’గా తయారుచేస్తారు. సైన్సు మేళాల్లో బల్ల వెనక నిలబడి వివరించేది వీళ్లే. ఎదుటివాడు అడ్డుప్రశ్న వేస్తే, తనకు అర్థమైందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. పరీక్షలో బట్టీ పట్టి తప్పించుకోవచ్చు గానీ తోటిపిల్లవాడి దగ్గర కుదరదు.

ఊళ్లలో సాయంత్రాలు స్థానిక యువత చదువు చెప్పే ‘ఆపరేషన్ వసంత’ కూడా ఈ సంస్థదే.

తెలుగునాట ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిది కాదు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికతో, ప్రతిభా పరీక్షలతో సైన్సును ఊళ్లలోకి తీసుకెళ్లింది. అది కార్యకర్తలు నడిపిన ఉద్యమం. అగస్త్యది దాతల విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, ప్రభుత్వాల సహకారం మీద నడిచే వ్యవస్థ. స్టాక్ మార్కెట్ మదుపరి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా పెద్ద దాతల్లో ఒకరిగా ఉండేవారు. ఈ నిర్మాణం వల్లనే పని చాలా రాష్ట్రాలకు విస్తరించింది. తమ కార్యక్రమాలు చేరిన పిల్లల సంఖ్య కోటి దాటిందని సంస్థ చెబుతుంది.

ఈ లెక్కను కాస్త ఆగి చూడాలి. ఒక్కసారి వ్యాను చూసిన పిల్లవాడూ, ఏళ్ల తరబడి ప్రాంగణానికి వచ్చిన పిల్లవాడూ అందులో ఒకటే. కుతూహలం పెరిగిందో లేదో కొలవడం మార్కులు కొలిచినంత తేలిక కూడా కాదు. పైగా వ్యాను ఎప్పుడో గాని రాదు, మిగతా రోజులన్నీ పిల్లలు బడిలోని సైన్సు టీచరు చేతిలోనే ఉంటారు. సంస్థకు ఈ సంగతి తెలుసు, అందుకే ఉపాధ్యాయులకు కూడా శిక్షణ ఇస్తుంది. శిక్షణ పొందిన టీచరు తన బడిలోని ప్రయోగశాల బీరువా తాళం తీయనంత కాలం అగస్త్య పని సగమే అయినట్టు.